శనివారం దాకా ఆగిన వాపసు కాగితం

వారంటు అంటే చాలామంది శిక్ష అనుకుంటారు. ఆ మాట చెవిన పడగానే ముఖం పాలిపోయి కోర్టు మెట్ల మీదే కూలబడిన వాళ్లను నేను చూశాను. వారంటు శిక్ష కాదు. నువ్వు తప్పు చేశావని కూడా అది చెప్పదు. ఫలానా మనిషిని పట్టుకొచ్చి నా ముందు నిలబెట్టండి అని మేజిస్ట్రేటు పోలీసులకు రాసే హుకుం, అంతే. ఒక రకం వారంటులో జమానతు, అంటే పూచీ, ఇచ్చేవాడు దొరికితే ఠాణాలోనే వదిలేస్తారు. రెండో రకంలో వదలరు. మనిషిని కోర్టుకు తేవలసిందే, వదలాలా వద్దా అన్నది మేజిస్ట్రేటే చెప్పాలి. ఇంకొక సంగతి కూడా ఉంది, వకీళ్లు తమ కక్షిదారులకు అంతగా చెప్పనిది. వారంటు పాతబడి తనంతట తాను చెల్లకుండా పోదు. అది అమలయ్యేదాకా, లేదా రాసిన కోర్టే వాపసు తీసుకునేదాకా బతికే ఉంటుంది. కేసు ముగిసిపోయినా ఠాణా రిజిస్టరులో అది ఊపిరి పీలుస్తూ కూర్చోవచ్చు.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. అట్లా బతికిపోయిన ఒక వారంటు నా చేతి తప్పు.

డెబ్బైల నడుమ నేను జహీరాబాదులో మున్సిఫ్ కోర్టులో చేరి, రెండేళ్లు తిరక్కుండానే బెంచి క్లర్కునయ్యాను. మా వైపు ఆ పనిచేసే వాణ్ని పేష్కారు అంటారు. మేజిస్ట్రేటు ముందు బల్ల దగ్గర కూర్చుని కేసులు పిలవడం, ఆయన చెప్పింది ఫైలులో ఎక్కించడం, సమన్లూ వారంట్లూ రాసి సంతకానికి పెట్టడం పేష్కారు పని. ఆ కుర్చీ అంటే నాకు గర్వం. నా దస్తూరి చూసి ఆఫీసర్లు మెచ్చుకునేవారు. వెనక గదిలో పాత కేసుల కట్టలు ఎర్ర గుడ్డల్లో చుట్టి పైకప్పు దాకా ఉండేవి. కింది వరసలవి ఉర్దూలో, పైవి ఇంగ్లీషులో, అక్కడక్కడ తెలుగులో. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని కనుక ఏ కట్టయినా విప్పగలిగేవాణ్ని. సంగారెడ్డి నుంచి వచ్చిన వకీళ్లు ఏదైనా పాత ఫైలు కావాలంటే, చాయ్ చల్లారేలోపు తెచ్చి ముందు పెట్టేవాణ్ని. మీ పేష్కారు తలకాయే ఒక రికార్డు రూము అని ఒక పెద్ద వకీలు అన్న రోజున ఇంటికి పోయి నా భార్యకు రెండుసార్లు చెప్పుకున్నాను. నా లోపం ఎక్కడ మొదలైందని అడిగితే అక్కడే అంటాను. మెప్పు దొరికే పనిని నేను పరుగున చేసేవాణ్ని. దొరకని పనిని వాయిదా వేసేవాణ్ని.

వారంట్ల విషయంలో మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. రాసిన వారంటు అదే సాయంత్రం ఠాణాకు పోవాలి. ఐదింటికి కోర్టు కానిస్టేబులు వచ్చి తీసుకునిపోయేవాడు, ఎందుకంటే మర్నాడు మేజిస్ట్రేటు దాని గురించి అడుగుతాడు. వాపసు కాగితం మాత్రం, అంటే ఈ వారంటు రద్దయింది, ఈ మనిషిని పట్టుకోవద్దు అని ఠాణాకు రాసే ఉత్తరం, శనివారం పోయేది. వారమంతా అవి నా సొరుగులో ఒక క్లిప్పుకు వేలాడేవి. శనివారం అన్నింటికీ ఒక జాబితా రాసి ఒక్కసారే పంపేవాణ్ని. వాటి గురించి ఎవరూ అడగరు. నాకంటే ముందు పేష్కారు అట్లా చేశాడు, నేనూ అట్లాగే చేశాను. మనిషిని పట్టుకొమ్మనే కాగితానికి ఉన్న తొందర, వదిలేయమనే కాగితానికి ఎందుకు లేదని నాకు ఎన్నడూ తట్టలేదు.

డెబ్బైల చివర్లో న్యాల్‌కల్ వైపు ఒక ఊరి నుంచి చిన్న కేసు వచ్చింది. చెరకు చేనులో ఎద్దులు పడ్డాయని రెండు కుటుంబాలు కట్టెలతో కొట్టుకున్నాయి. ముద్దాయిలు నలుగురు. పేషీ, అంటే వాయిదా, రోజున ముగ్గురు వచ్చారు, నాలుగోవాడు రాలేదు. అందరికంటే చిన్నవాడు, ఇరవై రెండేళ్లుంటాయి. మేజిస్ట్రేటు రెండో రకం వారంటు రాయమన్నాడు. నాలుగింటికి రాశాను, ఐదింటికి అది ఠాణాకు పోయింది.

మర్నాడు కోర్టు తెరిచేసరికి ఆ కుర్రవాడు మెట్ల దగ్గర ఉన్నాడు. పక్కన కొత్త పెళ్లాం. ఇద్దరి బట్టలూ మోకాళ్ల పైదాకా బురదే. ముందు రోజు వాగు పొంగి బస్సు రాలేదట, తెల్లారి నీళ్లు తగ్గాక నడిచి బయల్దేరారట. మేజిస్ట్రేటు విని, వారంటు వాపసు అన్నాడు. ఫైలులో రాశాను. ఠాణాకు ఉత్తరమూ రాశాను. ఆయన ఆ మధ్యాహ్నమే సెలవు మీద పోతున్నాడు గనుక అప్పటికప్పుడే సంతకం చేయించి ముద్ర వేశాను. అంతా అయ్యాక దాన్ని సొరుగులో క్లిప్పుకు పెట్టాలి. బల్ల చుట్టూ జనం. తరువాత తీద్దామని అదే ఫైలు మడతలో పెట్టాను.

శనివారం అది నాకు గుర్తు రాలేదు. రెండు నెలలకు రెండు కుటుంబాలూ రాజీ పడ్డాయి, కేసు కొట్టేశారు. ఫైలు కట్టకట్టి వెనక గదికి పంపాను.

తరువాత ఏడెనిమిదేళ్లలో జహీరాబాదు మారింది. హైవే పక్కన బండ్లు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది. అల్లం, చెరకు తప్ప వేరే బతుకు ఎరగని ఊళ్ల నుంచి జనం దాని గేటు ముందు వరస కట్టారు. ఆ కుర్రవాడు అప్పటికి ముప్పైకి దగ్గరపడ్డాడు. మధ్యలో బీదర్ పోయి వెల్డింగు నేర్చుకున్నాడు, తిరిగొచ్చి హైవే మీద లారీల షెడ్డులో పనికి కుదిరాడు. ఫ్యాక్టరీలో పరీక్ష పెడితే నెగ్గాడు. సోమవారం వచ్చి చేరమన్నారు. చేరేముందు వాళ్లు ప్రతి మనిషి గురించీ ఠాణాను అడిగేవారు, ఇతని మీద ఏమైనా ఉన్నదా అని.

ఠాణాలో రాతకోతలన్నీ ఒక హెడ్ కానిస్టేబులు చేతిలో ఉండేవి. అందరం జమేదార్ సాబ్ అనేవాళ్లం. ఉర్దూ మాట్లాడే పాతకాలపు మనిషి, రిటైరవడానికి రెండేళ్లుంది. ఆయన రిజిస్టర్లలో కొట్టివేత ఒక్కటి కనపడేది కాదు. ఆయన అమలు కాని వారంట్ల రిజిస్టరు తీశాడు. ఏడెనిమిదేళ్ల కింది పేజీలో ఆ పేరు ఉంది. ఒకసారి కానిస్టేబులు ఊరికి పోతే మనిషి బీదర్ పోయాడని చెప్పారట, దొరకలేదు అని రాసి ఉంది. వాపసు అని ఎక్కడా లేదు. ఆయన ఉన్నది ఉన్నట్టు ఫ్యాక్టరీకి రాశాడు, శుక్రవారం సాయంత్రం లారీ షెడ్డు నుంచి మనిషిని తెప్పించాడు. చట్టం ప్రకారం ఆయన చేసినదాంట్లో వంక పెట్టడానికి ఏమీ లేదు.

శనివారం పొద్దున నేను సైకిలు నిలబెడుతుంటే ఆ వెల్డరు ఇల్లాలు ఎదురొచ్చింది. నేను గుర్తుపట్టలేదు, ఆమె పట్టింది.

"పేష్కార్ సాబ్, ఆ వారంటు ఆనాడే వాపస్ అయింది గదా. నేను ఈడనే నిలబడి ఉన్న. నువ్వే రాసినవ్, దొర దస్తఖత్ పెట్టిండు. మల్ల మా మనిషిని ఎందుకు వట్కపోయిన్రు?"

తన భర్త సోమవారం పనిలో చేరకపోతే ఆ జాగా వరసలో ఉన్న తరువాతివాడికి పోతుందని చెప్పింది. ఠాణా నుంచి మచ్చలేని కాగితం తెస్తేనే రమ్మన్నారట.

నేను ఏమాత్రం ఆలోచించలేదు. పక్కనే ఇద్దరు వకీళ్లూ, పేషీకొచ్చిన జనమూ ఉన్నారు. అందరికీ వినపడేట్టు అన్నాను. "నేను పంపిననమ్మా. ఠాణాల పోగొట్టి ఉంటరు. వాళ్లకు కాగితం విలువ ఏం తెలుసు."

కొందరు నవ్వారు. ముద్దాయిని తీసుకొచ్చిన జమేదార్ సాబ్ మెట్ల మీదే ఉన్నాడు. కళ్లజోడు సర్దుకుని నెమ్మదిగా అన్నాడు. "జర సోంచాయించి మాట్లాడు పేష్కార్ సాబ్. నా దాంక వచ్చిన కాగితం పోదు."

"పోకుంటే ఏడున్నది మరి?" అన్నాను. మళ్లీ నవ్వులు.

బెంచి ఎక్కగానే మేజిస్ట్రేటు పాత ఫైలు తెమ్మన్నాడు. నేను పంపానని చెప్పిన మాట నమ్మి, వాపసు కాగితం ఏమైందో సంజాయిషీ ఇమ్మని ఠాణాను కూడా అడిగాడు. అప్పటి మేజిస్ట్రేటు వేరు, ఈయన వేరు. నా మాట తప్ప ఆయనకు ఇంకో ఆధారం లేదు.

పాత కేసు వెతకడం బయటివాళ్లు అనుకున్నంత సులువు కాదు. మనిషి పేరు చెప్తే కేసు దొరికే జాబితా ఏదీ మా దగ్గర లేదు. ఏ సాలు, ఏ ఊరు, ఏ నంబరు, ఇవి తెలియాలి. ఠాణా రిజిస్టరులో వారంటు నంబరు ఉంది గానీ కేసు నంబరు దగ్గర సిరా తడిసి అలికిపోయింది. ఆ ఇల్లాలికి సాలు తెలియదు. మా పెద్దపిల్ల పుట్టే ముందటి వానకాలం అంది. పిల్ల ఏం చదువుతుందని అడిగాను. రెండో తరగతి. వేళ్ల మీద వెనక్కు లెక్కవేసి, ఆ ఏడాది ఫైసలయిన, అంటే తీర్పయి ముగిసిన, కేసుల రిజిస్టరు దించి, న్యాల్‌కల్ వైపు ఊళ్ల మీద వేలు జరుపుకుంటూ పోయాను. నంబరు దొరికింది. నిచ్చెనెక్కి మూడో వరస కట్ట దించాను. దుమ్ముకు తుమ్ములు వస్తూనే ఉన్నాయి గానీ లోపల సంబరంగా ఉంది. గంట కూడా పట్టలేదు.

ఫైలు తెరిస్తే నా దస్తూరే. ముద్దాయి హాజరు, వారంటు వాపసు. తేదీ, సంతకం, అన్నీ ఉన్నాయి. ఇంకేం కావాలి అనుకుంటూ పేజీ తిప్పాను. మడతలో ఒక ఉత్తరం. ఠాణాకు రాసింది, సంతకమైంది, ముద్రపడింది. కాపీ, అసలు రెండూ ఒకే గుండుసూదికి ఉన్నాయి. సూది తుప్పుపట్టి కాగితం మీద గోధుమరంగు చుక్క పడింది.

ఆ గదిలో నేనొక్కణ్నే ఉన్నాను. ఉత్తరం రెండు ప్రతులూ తీసి నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది గనుక మెత్తగా చెప్పను. తొందరలో చేసింది కాదు. చేస్తూ చేస్తూ తలుపు వైపు చూశాను కూడా.

ఫైలు చూసి మేజిస్ట్రేటు ఆ మనిషిని అప్పుడే వదిలేశాడు. ఇంత పాత ఫైలు ఇంత తొందరగా తెచ్చానని బెంచి మీద నుంచే మెచ్చుకున్నాడు. వకీళ్లు తలలూపారు. నేను వంగి దండం పెట్టాను. వంగినప్పుడు జేబులో కాగితం గరగరలాడింది.

మనిషి బయటపడ్డాడు గానీ అతనికి కావలసింది అది కాదు. సోమవారానికి కాగితం కావాలి. వాళ్ల వకీలు ఠాణాకు పోయి జమేదార్ సాబును అడిగి వచ్చాడు. ఆయన ఒప్పుకోలేదట. ఈ రోజున వారంటు రద్దయిందని కావాలంటే రాస్తాను, ఏడెనిమిదేళ్ల కిందటే రద్దయిందని ఎట్లా రాయను, నా రిజిస్టరులో వాపసు రాలేదు, వచ్చిందని రాస్తే అది ఏమైందో నేను చెప్పాలి, రాని కాగితాన్ని పోగొట్టానని ఒప్పుకోవాలా అని అడిగాడట. ఆయన రాస్తానన్న కాగితం ఫ్యాక్టరీకి తీసుకుపోతే, ఇన్నేళ్లు తప్పించుకు తిరిగి నిన్న పట్టుబడ్డవాడి కిందే లెక్క. అది ఉన్నా లేనట్టే.

మధ్యాహ్నం భోజనం వేళ నేను వరండా దాటుతుంటే ఆ ఆలుమగలు గోడవారన కూర్చుని ఉన్నారు. ఆమె గుడ్డలో కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు విప్పింది. నన్ను పిలిచింది. పొద్దున అడిగిన గొంతు కాదది.

"దుమ్ముల వడి మా కోసం ఎతికినవ్ సార్. పొద్దుగాల ఊకెనే గరమైన. ఒక రొట్టె తిను."

ఆమె భర్త లేచి నిలబడ్డాడు. పని దొరికినా దొరకకపోయినా, పెళ్లాం ముందర దొంగలెక్క నిలబడే గతి తప్పించినవ్ సార్ అన్నాడు. రొట్టె మీద ఎర్రకారం తొక్కు పెట్టి చేతిలో పెట్టింది ఆమె. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. నీళ్లు తాగొస్తానని చెప్పి, రొట్టె చేత్తో పట్టుకునే నేరుగా ఠాణాకు నడిచాను.

జమేదార్ సాబ్ సంజాయిషీ రాస్తున్నాడు. ఆయన బల్ల మీద ఉత్తరం విప్పి పెట్టాను. చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. ఎక్కడ దొరికిందని అడిగాడు.

"ఫైలులనే ఉండె. నేనే పెట్టిన, నేనే మర్శిన," అన్నాను.

ఆయన కోప్పడతాడనుకున్నాను. కలం మూసి పక్కన పెట్టాడు. "పొద్దుగాల పదిమంది ముందల నన్ను అన్నవ్. ఇప్పుడొచ్చి నా ఒక్కని చెవుల చెప్తున్నవ్."

సోమవారం కోర్టు తెరవగానే అందరి ముందూ చెప్తానన్నాను.

"సోమారం ఆ మనిషికి నౌకరీ పోయినంక చెప్తవా?" అన్నాడు. నా చేతిలో సగం రొట్టె వైపు చూశాడు. "అది తినెయ్ ముందుగాల. తిని నడువ్. దొర ఇప్పుడే మల్ల బెంచి ఎక్కుతడు."

రెండున్నరకు జమేదార్ సాబుతో కలిసి కోర్టుకు పోయేసరికి జనం ఇంకా ఉన్నారు, పొద్దున నవ్విన వకీళ్లతో సహా. నేను నా కుర్చీలో కూర్చోలేదు. బెంచి ముందు ముద్దాయిలు నిలబడే చోట నిలబడి ఉత్తరం అందించాను. ఇది ఠాణాకు పోలేదు, నా చేతిలోనే ఆగింది, పొద్దున ఫైలులో దొరికితే దాచాను అని చెప్పాను. నా గొంతు నాకే వినపడనంత చిన్నగా ఉందేమో, మేజిస్ట్రేటు గట్టిగా చెప్పమన్నాడు. రెండోసారి గట్టిగా చెప్పాను. రెండోసారే కష్టం. పొద్దున ఎందుకు చెప్పలేదని ఆయన అడిగాడు. భయపడ్డానని చెప్పాను. ఎవరికని అడిగాడు. మంచి పేష్కారు అన్న పేరు పోతుందని అన్నాను. ఆయన ఉత్తరాన్ని ఫైలు మీద పెట్టాడు. తరువాత, కూర్చో, రాసుకో అన్నాడు.

ఆయన చెప్పిన ఉత్తరం నేనే రాశాను. ఫలానా తేదీన వారంటు వాపసు అయిందనీ, ఈ కోర్టు బెంచి క్లర్కు నిర్లక్ష్యం వల్ల ఆ ఉత్తర్వు ఠాణాకు చేరలేదనీ, ఇందులో ముద్దాయి తప్పు గాని ఠాణా తప్పు గాని లేదనీ. నా బతుకులో అంత అందంగా ఏదీ రాయలేదు. నిర్లక్ష్యం అన్న మాట దగ్గర కూడా దస్తూరి చెడలేదు. ఆ ఉత్తరం చూసుకుంటే నాకిప్పటికీ గర్వమే. అంతకు ముందు రాసిన వేల కాగితాలలో నా పేరు నిలబెట్టుకోవడానికి రాసినవే ఎక్కువ. ఇది ఒకరి పేరు ఒకరికి తిరిగి ఇవ్వడానికి రాసింది. జమేదార్ సాబ్ దాన్ని అందుకుని, అదే బల్ల మీద తన కాగితం రాసి సంతకం పెట్టాడు. ఆ మనిషి మీద ఏమీ లేదు, వారంటు ఆనాడే వాపసు అయింది అని రాశాడు.

వరండాలో ఆ ఇల్లాలికి రెండు కాగితాలూ ఇచ్చాను. నా వల్లే జరిగిందని ఆమె అప్పటికే విన్నది. ఏమంటుందోనని నిలబడ్డాను. కాగితాలు రెండు వైపులా తిప్పి చూసింది, ఆమెకు చదువు రాదు. చివరకు, "సోమారం నువ్వు గూడ రా సార్," అంది. "అడిగితే కాగితం మాట్లాడది గదా."

సోమవారం ఒక పూట సెలవు పెట్టి ఆ ఆలుమగలతో పోయాను. ఫ్యాక్టరీ గేటు పక్క గదిలో ఉద్యోగాలు చూసే ఆఫీసరు రెండు కాగితాలూ చదివి, ఇటువంటి ఉత్తరం కోర్టు నుంచి తానెన్నడూ చూడలేదన్నాడు. ఈ క్లర్కు ఎవరు అని అడిగాడు. నేనేనని చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, వెల్డరు వైపు తిరిగి, బూట్లు ఏ సైజు అని అడిగాడు. పనిలోకి తీసుకున్నవాళ్లకు బూట్లు ఫ్యాక్టరీ వాళ్లే ఇస్తారని మా ముగ్గురికీ తట్టడానికి ఒక్క క్షణం పట్టింది. తరువాత ఆ మనిషి సైజు చెప్పాడు. లోపలికి పోతూ వెనక్కి తిరిగి చూడలేదు. చూడనక్కరలేదు కూడా.

నాకు మందలింపు వచ్చింది, సర్వీసు పుస్తకంలో ఎక్కింది. ఆ వారం నుంచే మా కోర్టులో శనివారం పద్ధతి మానేయించాను. వాపసు కాగితాలు ముందు, వారంట్లు వాటి తరువాత, రెండూ అదే సాయంత్రం. జమేదార్ సాబ్ రిజిస్టరూ మా ఫైసలయిన కేసుల రిజిస్టరూ పక్కపక్కన పెట్టుకుని, ఆయనా నేనూ ఎన్నో మధ్యాహ్నాలు ఒక్కో పేరూ సరిచూశాం. బతికున్నట్టు కనిపిస్తున్న చచ్చిన వారంట్లు ఇంకొన్ని దొరికాయి. కోహీర్ వైపు ఒక ముసలాయన మీద ఒకటి. ఆయన అది ఉన్నదని కూడా ఎరగకుండా ఏళ్లుగా ఠాణా ముందు నుంచే సంతకు పోయొస్తున్నాడు. కొన్నింటికి నేను కారణం, కొన్నింటికి నాకు ముందువాళ్లు. అన్నీ కొట్టివేయించాం. జమేదార్ సాబ్ నాతో ఎప్పుడూ స్నేహంగా మాట్లాడలేదు. కానీ రిటైరయ్యే ముందు తన జాగాలోకి వచ్చిన వాడికి నన్ను చూపించి, "ఈయన వస్తే ముందుగాల కుర్సీ ఎయ్యి, తర్వాత రిజిస్టర్ ఇయ్యి," అని చెప్పాడు. అంతకు మించిన మెప్పు నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఎనభైల చివర నాకు బదిలీ అయింది. కొత్త కోర్టులో ఆఫీసరు నా సర్వీసు పుస్తకం తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగాడు. ఇది పాతదే గదా, అర్జీ పెట్టుకుంటే తీసేయిస్తారు, ప్రమోషనుకు అడ్డం రాకుండా ఉంటుంది అన్నాడు. వద్దు సార్, ఉండనీయండి అన్నాను. ఎందుకని అడిగితే జరిగిందంతా చెప్పాను, జేబులో దాచిన సంగతితో సహా. ఆయన విని, పుస్తకం మూసి, ఏ సీటులో పనిచేస్తావని అడిగాడు.

వారంట్ల సీటు ఇవ్వండి సార్ అన్నాను.